పావులూరి మల్లన – ఇరవై అంకెల లెక్క



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత విశేషాలు వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. ఇటువంటి సంచికలలో ప్రకాశం పంతులుగారిని, వీరేశలింగం పంతులుగారిని గురించి ఏటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉంటారు. వారిని తలచుకోవడం మన ధర్మమే. అయితే నేను జీవితమంతా లెక్కలు వ్రాసి బ్రతికినవాణ్ణి. మనబోటి వాళ్ళకు, అంటే దస్త్రాలు, రిజిస్టర్లు, కూడికలు, తీసివేతలతో జుట్టు నెరసినవాళ్ళకు, ఒక మూలపురుషుడు ఉన్నాడు. ఆయన్ని మనం మరచిపోతున్నామేమో అనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఆయనే పావులూరి మల్లన. తెలుగులో మొట్టమొదటి గణిత గ్రంథం ఆయనది.

మల్లన కాలం, మల్లన ఊరు

రాజమహేంద్రవరం రాజధానిగా తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడైనాడు. నన్నయభట్టారకుడు మహాభారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నది ఈ ప్రభువు కొలువులోనే. నన్నయకు తోడు నిలిచిన నారాయణభట్టుకు 1053లో నందంపూడి అగ్రహారం ఇచ్చినదీ ఈయనే. అదే ప్రభువు పిఠాపురం ప్రక్కనున్న నవఖండవాడను పావులూరి మల్లనకు ఇచ్చినట్లు గణిత గ్రంథంలోనే ఉన్నది. ఆ ఊరు ఈనాటికీ పిఠాపురం దగ్గర నవఖండ్రవాడ అనే పేరుతో ఉన్నది. మనకు ఉద్యోగ విరమణ తరువాత పింఛను ఎట్లాగో, ఆనాటి విద్వాంసుడికి అగ్రహారం అట్లాగు. తేడా ఒక్కటే. మన పింఛను మనతోనూ, మన తరువాత మన ఇంటావిడతోనూ సరి. అగ్రహారం మనుమల దాకా నడిచేది.

మల్లన స్వస్థలం కమ్మనాటిలోని పావులూరు. ఇంకొల్లు దగ్గర ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న పావులూరే అది అని పెద్దల మాట. మా నకరికల్లు నుంచి తెల్లవారి బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఆ ఊరు చేరుకోవచ్చు. పల్నాటి యుద్ధానికి నూరేళ్ళకు పైగా ముందటి మాట ఇది. మనం పల్నాటి వీరుల కథ ఏటా కారెంపూడిలో తలచుకుంటాము. ఇంత దగ్గరలో పుట్టిన లెక్కల వీరుని తలచుకునేవాళ్ళు మాత్రం తక్కువ.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తాతపేరు మనుమడికి పెట్టడం మన ఆచారం కదా. ఈ వంశంలో మల్లన కొడుకు శివ్వన, ఆ శివ్వన కొడుకు మళ్ళీ మల్లన. అగ్రహారం పొందిన తాత మల్లనే గ్రంథకర్త అని కొందరు పండితులు, కాదు మనుమడు మల్లన అని మరికొందరు వాదించారు. ఈ తగవు తీర్చడం నావల్ల అయ్యే పని కాదు. సర్వీసు రిజిస్టరులో ఒకే పేరుగలవాళ్ళు ఇద్దరుంటే ఎంత తంటాయో మనకు తెలుసు. ఎవరైనా ఒక ఇంటివాళ్ళే, ఒక విద్యే.

కన్నడ దేశం నుంచి తెలుగు దేశానికి

మల్లన గ్రంథం పేరు సారసంగ్రహ గణితం. జనం మాత్రం పావులూరి గణితం అనే అన్నారు. దీనికి మూలం సంస్కృతంలో మహావీరాచార్యుడు వ్రాసిన గణితసారసంగ్రహం. ఆయన జైనుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, అంటే తొమ్మిదవ శతాబ్దంలో, ఆ గ్రంథం వ్రాశాడు. అది మద్రాసులో రంగాచార్యులవారి పరిష్కరణతో ఇంగ్లీషు అనువాదం జతచేసి 1912లో అచ్చయింది. అప్పటినుంచి ప్రపంచమంతా మహావీరుని లెక్కలను మెచ్చుకున్నది.

మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తాను శివభక్తుడు కాబట్టి జినస్తుతులు ఉన్నచోట శివుని నిలిపాడు. మక్కికి మక్కి దింపక, మన జనానికి పట్టేటట్టు మార్చుకున్నాడు. సంస్కృతంలో ఉన్న శాస్త్రాన్ని ఊరి లెక్కలు వ్రాసే మనిషి నోటికి అందించాడు. నన్నయ పురాణానికి చేసినది ఈయన గణితానికి చేశాడని నా అభిప్రాయం.

తరువాత వందల ఏండ్లు మన కరణాల ఇళ్ళలో పిల్లవాడికి లెక్క నేర్పడం అంటే పావులూరి గణితం నేర్పడమే. పొలం కొలత, ధాన్యం కొలత, వడ్డీ, బంగారం వన్నె, చెరువు తవ్వకం, నీడను బట్టి పొద్దు, అన్నీ ఆ రకం గ్రంథాలలోని లెక్కలే.

చదరంగం గళ్ళు

ఇక అసలు సంగతికి వస్తాను. చదరంగం కనిపెట్టిన బ్రాహ్మణుడు రాజును బహుమానం అడిగిన కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళకూ ఇప్పించమన్నాడు. ఇంతేనా అని రాజు నవ్వాడు. లెక్క కట్టించేసరికి రాజ్యంలోని గాదెలు చాలలేదు.

ఈ కథ లోకమంతా తిరిగింది. అల్ బిరూనీ అనే మహా పండితుడు సుమారు 1000వ సంవత్సరంలో వ్రాసిన కాలగణన గ్రంథంలో ఈ మొత్తం కట్టాడు. ఇటలీ దేశపు ఫిబొనాచీ 1202లో వ్రాసిన పుస్తకంలోనూ చదరంగం లెక్క ఉన్నది. ఆ ఇద్దరికీ నడుమ మన మల్లన ఆ మొత్తాన్ని ఒక చంపకమాలలో ఇమిడ్చాడు. ఆ సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెలు. మన వాడుకలో చెప్పాలంటే 1,84,467 కోట్ల కోట్లు, దానిపైన 44,07,370 కోట్లు, దానిపైన 95,51,615. ఒక్క అంకె కూడా తప్పు లేదు.

ఎంత పెద్దదో ధాన్యంలో చూద్దాము. గ్రాముకు నలభై గింజలు అనుకుంటే మొదటి వరుస ఎనిమిది గళ్ళకు 255 గింజలు, ఆరు గ్రాములు, గుప్పెట్లో మూలకు వస్తాయి. ఇరవై గళ్ళకు 26 కిలోలు. ముప్పై రెండు గళ్ళకు, అంటే సగం పలకకు, 107 టన్నులు. మన 75 కిలోల బస్తాలలో 1,430 బస్తాలు. ఇంతవరకు మా సాగరు కుడికాలువ క్రింద ఒక మోతుబరి రైతు ఇయ్యగలిగినదే. రాజు ఇంకా నవ్వుతూనే ఉంటాడు. తక్కిన సగం పలక దగ్గర అసలు కథ. అరవై నాలుగు గళ్ళూ పూర్తయ్యేసరికి ఆరు లక్షల కోట్ల బస్తాలు దాటుతుంది. ఈనాడు ప్రపంచం మొత్తం ఒక సంవత్సరంలో పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. ఆ లెక్కన దాదాపు 575 ఏండ్ల ప్రపంచ పంట ఆ బ్రాహ్మణునికి కొలవాలి.

పోనీ, సెకనుకు ఒక గింజ చొప్పున లెక్కపెడదామంటే 58,400 కోట్ల ఏండ్లు పైన పడుతుంది. బ్రహ్మదేవునికి ఒక పగలు మన 432 కోట్ల సంవత్సరాలని శాస్త్రం. అంటే బ్రహ్మ 135 పగళ్ళు కూర్చుని లెక్కపెట్టాలి.

ఈ సంఖ్యలోని విశేషాలు

మల్లన చేతిలో కాలిక్యులేటరు లేదు. అరవై మూడు సార్లు రెట్టింపు చేసి అన్నీ కూడవలసిన పని కూడా లేదు. ఏ గడిలోని గింజలైనా, దానికి ముందున్న గళ్ళన్నిటి మొత్తం కంటే ఒక్కటి ఎక్కువ. నాలుగవ గడిలో 8, ముందు మూడింటి మొత్తం 7. కాబట్టి అరవై ఐదవ గడి ఒకటి ఉన్నదనుకుని, అందులో ఎన్ని పడతాయో చూసి ఒకటి తీసివేస్తే చాలు.

దానికీ దగ్గరి దారి ఉన్నది. ఛందశ్శాస్త్రం వ్రాసిన పింగళుడు చూపినదే, మహావీరాచార్యుడూ చెప్పినదే. రెండును రెండుతో గుణిస్తే 4. నాలుగును నాలుగుతో గుణిస్తే 16. ఆ తరువాత 256, తరువాత 65,536, తరువాత 429,49,67,296. దీనిని మళ్ళీ దానితోనే గుణిస్తే అరవై ఐదవ గడి వస్తుంది. ఆరు గుణకారాలతో పని ముగిసింది. చివరి గుణకారం పెద్దది, ఓపిక ఉండాలి.

ఈ సంఖ్య ఏయే సంఖ్యలతో నిశ్శేషంగా భాగింపబడుతుందో చూస్తే మరో వింత. 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఈ ఏడింటినీ గుణిస్తే సరిగ్గా మల్లన సంఖ్య వస్తుంది. ఏడూ ప్రధాన సంఖ్యలే. వీటిలో 641 కొంచెం పేరుగలది. 429,49,67,297ను ఇంకే సంఖ్యా భాగించదని ఫ్రాన్సు దేశపు ఫెర్మా అనే గణితవేత్త నమ్మాడు. భాగిస్తుంది, 641తో పోతుంది అని ఆయిలర్ 1732లో చూపించాడు. ఆ సంఖ్య మన చదరంగపు ముప్పై మూడవ గడికి ఒకటి కలిపితే వచ్చేదే.

మరొక సంగతి. నేటి కంప్యూటర్లు ఒక సంఖ్యను సాధారణంగా అరవై నాలుగు స్థానాలలో దాచుకుంటాయి. ఒక్కొక్క స్థానంలో ఒకటో సున్నో. అట్లా అరవై నాలుగు స్థానాలూ ఒకట్లతో నిండితే వచ్చే అతి పెద్ద సంఖ్య ఏమిటయ్యా అంటే, మల్లన పద్యంలోని సంఖ్యే. మన పింఛను బ్యాంకులో జమ చేసే యంత్రం కొలమానం కూడా తొమ్మిది వందల ఏండ్ల క్రితమే తెలుగు పద్యంలో ఉన్నదన్నమాట.

అంకెలలోనూ, అక్షరాలలోనూ

ఇరవై అంకెలను పద్యంలో ఎట్లా పెట్టారని మా మనుమరాలు అడిగింది. దానికి భూతసంఖ్యలని ఒక పద్ధతి. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుని పేరు ఏది వాడినా ఒకటి. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు. మన్మథుని బాణాలు ఐదు. కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, నవరంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం కాబట్టి సున్న. ఈ మాటలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వరుసగా చెబుతారు. మనం కుడినుంచి ఎడమకు వ్రాసుకుంటూ పోవాలి.

ఇందులో కవి చమత్కారం మాత్రమే ఉన్నదని చాలాకాలం అనుకునేవాణ్ణి. మన ఉద్యోగులు మాత్రమే పట్టుకోగల గుట్టు ఇంకొకటి ఉన్నది. ట్రెజరీకి పంపే ఏ బిల్లులోనైనా మొత్తాన్ని అంకెలలో వ్రాసి, ప్రక్కన అక్షరాలా అని మాటలలో కూడా వ్రాస్తాము కదా. ఎందుకు? అంకెను దిద్దడం తేలిక. మాటను దిద్దడం కష్టం. మల్లన చేసినది అదే. తాటాకు మీద ఇరవై అంకెలు వ్రాసి ఊరుకుంటే, వందేళ్ళకొకసారి ఎవరో ఒకరు నకలు తీసేటప్పుడు ఏదో ఒక అంకె జారిపోయేది. చంపకమాలలో పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. గురువు, లఘువు తమ చోట ఉండాలి. యతి నిలవాలి, ప్రాస కలవాలి. మాట జారినా, రెండు మాటలు తారుమారైనా చాలావరకు పద్యం కుంటుతుంది. చదివేవాడి చెవికి తెలిసిపోతుంది. సంఖ్యకు పద్యమే సీలు, పద్యమే కౌంటర్ సంతకం.

దీని విలువ నాకు 2007లో నా పింఛను కాగితాల దగ్గర అనుభవానికి వచ్చింది. ఒక కార్యాలయంలో నా చివరి మూలవేతనం నకలు వ్రాసేటప్పుడు ప్రక్కప్రక్కనున్న రెండు అంకెలు తారుమారైనవి. మూలవేతనం 360 రూపాయలు తగ్గింది. పింఛనులో సగం, గ్రాట్యుటీలో కొంత, కమ్యుటేషనులో కొంత పోయినట్లే. అంకెల మొత్తం కూడి చూస్తే సరిపోతున్నది. సరిపోకేం చేస్తుంది, అంకెలు అవే కదా, చోటు మారాయంతే. పాత గుమస్తాలకు తెలిసిన సూత్రం ఒకటి ఉన్నది. తేడా తొమ్మిదితో పోతే, అంకెలు తారుమారైనాయేమో చూడమని. 360 తొమ్మిదితో పోతుంది. సర్వీసు రిజిస్టరు తీయించి చూపితే, అక్కడ జీతం అక్షరాలలో కూడా ఉన్నది. ఆ అక్షరాలే నన్ను గట్టెక్కించాయి. అయినా సవరణ ఉత్తర్వు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలలో మల్లన నాకు చాలాసార్లు గుర్తుకు వచ్చాడు.

నేను ఆ పద్యం మొదట విన్న సంగతి కూడా చెప్పాలి. 1984 జనవరిలో గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దయినప్పుడు నేను తాలూకా కచేరీలో పనిచేస్తున్నాను. కరణాలు అడంగళ్ళు, చిట్టాలు మూటలు కట్టి తెచ్చి అప్పగించేవాళ్ళు. రద్దు మంచిదా చెడ్డదా అనే చర్చ ఇక్కడ పెట్టను. వాళ్ళవల్ల ఇబ్బంది పడ్డ రైతులూ ఉన్నారు, మేలు పొందినవాళ్ళూ ఉన్నారు. ఒక వృద్ధ కరణం గారు మూట అప్పగించి, రసీదు పుచ్చుకుని, బల్లమీద కూర్చుని చదరంగం పద్యం గడగడా చదివారు. తాతగారు చిన్నప్పుడు నేర్పారట. కాగితాలన్నీ మీకు ఒప్పజెప్పాను, ఇది ఎవరికి ఒప్పజెప్పాలో తెలియడం లేదని అన్నారు. మా కచేరీలో దానికి తగిన రిజిస్టరు లేదు. నేను ఒక చిత్తుకాగితం మీద మాటకు మాట వ్రాసుకున్నాను. ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని రెట్టింపులు కట్టి చూశాను. సాయంత్రానికి ఇరవై అంకెలూ కలిశాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది.

మిగిలిన పని

మల్లన ఎన్నేళ్ళు బ్రతికాడో, ఎట్లా ఉండేవాడో ఎవ్వరూ వ్రాసిపెట్టలేదు. లెక్కలు వ్రాసేవాళ్ళ బ్రతుకులు అంతే. రాజుల పేర్లు శాసనాలకెక్కుతాయి. గుమస్తా పేరు ఫైలు చివర పొట్టి సంతకంగా మిగులుతుంది. అయినా ఆయన కట్టిన మొత్తం మిగిలింది. వేంగి రాజ్యం పోయింది, చోళులు, కాకతీయులు, రెడ్డిరాజులు, గోలకొండ నవాబులు, కుంపిణీవాళ్ళు వచ్చి పోయారు. ఆ ఇరవై అంకెలలో ఒక్కటి మారలేదు. ఇందుకు కారణం మల్లన ఒక్కడే కాదు. తాటాకుల మీద నకలు తీసుకున్న పేరు తెలియని వ్రాయసగాళ్ళందరూ. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు ఆ తాళపత్రాలను వెదికి పరిష్కరించబట్టి పావులూరి గణితంలో ఒక భాగం అచ్చు ముఖం చూసింది. ఎంతో పరిశ్రమ చేసినా గ్రంథం యావత్తూ ఇంటింటికీ చేరలేదు.

అందుచేత సభ్యులకు రెండు విన్నపాలు. పల్నాడులోను, గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలోను పాత కరణాల ఇళ్ళలో అటకమీద తాటాకు కట్టలు ఉంటే పారవేయవద్దు. పురుగు తినకముందే ఏదైనా ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి గాని, విశ్వవిద్యాలయం తెలుగు శాఖకు గాని చూపించండి. అందులో మల్లన లెక్క ఒకటి ఉండకపోదు. రెండవది, ఇంట్లో మనుమలు సెల్‌ఫోను పట్టుకుని కూర్చున్నప్పుడు ఒక తెల్లకాగితం ఇచ్చి అరవై నాలుగు గళ్ళ లెక్క కట్టమనండి. కట్టిన తరువాత సరిచూసుకోవడానికి ఒక చిట్కా. అంకెలన్నీ కూడితే 87, దానిని మళ్ళీ కూడితే 15, మళ్ళీ కూడితే 6 రావాలి. ఆరు రాకపోతే తప్పు ఉన్నట్లే. ఆరు వచ్చినంతమాత్రాన ఒప్పు అనుకోవద్దు. అంకెలు తారుమారైనా ఆరే వస్తుంది. అప్పుడు వరుసగా అక్షరాలలో చదివించి, పైన నేను వ్రాసిన సంఖ్యతో పోల్చి చూడండి.

జీవన ధ్రువీకరణ పత్రాలు గడువులోగా సమర్పించడం మరువవద్దని, అందులోని అంకెలను కూడా ఒకసారి సరిచూసుకోవాలని మనవి.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, నకరికల్లు